శరదృతువు పాటలు, వేళ్ళ ఆటలు: రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ పిల్లలతో మన బెజవాడ, గుంటూరు ఇళ్ళల్లో ఎలా ఆడించాలి

పోయిన అక్టోబర్లో మా క్లాసుకి కొత్తగా వచ్చిన నాలుగేళ్ళ పాపని ఆటమ్ (శరదృతువుకి ఇంగ్లీషు మాట) అంటే ఏంటి బంగారం అని అడిగితే రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు జల్లిస్తూ కిందకి దించి ఆకులు రాల్తాయి టీచర్ అంది. మరి ఎక్కడ రాల్తున్నాయో చూద్దాం రా అని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళా, బయట వేపచెట్టు వానలకి కడిగినట్టు నిగనిగలాడుతోంది, ఒక్క ఆకు రాలట్లేదు. పాప చెట్టుని నన్ను మార్చి మార్చి చూసి "మన చెట్టుకి రాదేమో టీచర్" అంది.

దానికి రాకపోవడం కాదు, పాప వేళ్ళతో చేసి చూపించిన ఆ ఆకుల పాటే వేరే ఊరి పాట. చలి దేశాల్లో పగలు చిన్నదైపోయి చెట్లు ఆకుల్లో పచ్చదనం వెనక్కి తీసేసుకుంటాయి, ఆకులు ఎర్రగా పసుపుగా మారి రాలిపోతాయి, అక్కడి పిల్లలకి అది కళ్ళ ముందు జరిగేదే కాబట్టి వాళ్ళ పాటల్లో ఆకులు గుమ్మడికాయలు ఉడతలు వస్తాయి, తప్పేం లేదు. మనకి ఆకు రాలేది శిశిరంలో, మాఘం ఫాల్గుణం వచ్చాక. ఆశ్వయుజం కార్తీకం అంటే మనకి వానలు వెనకబడి ఆకాశం తేటగా అయ్యే రోజులు, కృష్ణ నిండుగా ఉంటుంది, లంకల్లో రెల్లు పూస్తుంది, గుంటూరు వైపు పత్తి విచ్చుకుంటుంది, బజార్లో సీతాఫలాలు బంతిపూలు. ఇన్ని ఉండగా పిల్లలు కిటికీలో కనపడని ఆకుల గురించి పాడటం నాకు బాధేస్తుంది. అందుకే నేను ఇన్నేళ్ళుగా మొదట గుంటూరులో, ఇప్పుడు విజయవాడలో పిల్లలతో ఆడిస్తున్న పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నా. పాటలన్నీ క్లాసులో పిల్లలతో కూర్చుని కట్టుకున్నవే, మీరు మార్చుకోవచ్చు.

మొదటి పని: పాట కాదు, కిటికీ

సెప్టెంబర్ ఆఖరి నుంచి నవంబర్ ఆఖరి దాకా వారానికొక వస్తువు పెట్టుకోండి, అంతకంటే ఎక్కువ వద్దు. ఆ వస్తువు ముందు పిల్లాడి చేతిలోకి రావాలి లేదా కంటికి కనపడాలి, ఆ తర్వాతే పాట. రెల్లు గురించి పాడాలంటే ఒక సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నుంచో సీతానగరం వైపు నుంచో నదిలో లంకలు చూపించండి, తెల్లగా ఊగేది అదే. పత్తి గురించైతే తెలిసిన రైతు ఎవరినన్నా అడిగి ఒక విచ్చుకున్న కాయ, ఒక మూసుకున్న కాయ తెప్పించుకోండి, గుంటూరులో ఉంటే అది పెద్ద కష్టం కాదు. చూడని వస్తువు మీద పాట నేర్పితే పిల్లలు పాడతారు, పాడరని కాదు, కానీ వేళ్ళు మీ వేళ్ళని కాపీ కొడతాయి అంతే. చూసిన వస్తువైతే వేళ్ళు ఆ వస్తువుని గుర్తు చేసుకుంటాయి, తేడా చూస్తే మీకే తెలుస్తుంది.

ఆకులు రాలడం చూపించాలని స్కూల్లో తప్పనిసరి అయితే నాటు బాదం చెట్టు వెతకండి. దాని ఆకు రాలే ముందు ఎర్రగా అవుతుంది, కింద పడినవి పెద్దగా చేతికి నిండుగా ఉంటాయి, పిల్లల అరచేయి పక్కన పెట్టి కొలిపించడానికి భలే ఉంటుంది.

రెండో పని: ఏ వయసుకి ఏ వేలు

ఇది తెలియక చాలామంది పిల్లాడికి రావట్లేదు అని కంగారు పడతారు. రెండేళ్ళ లోపు పిల్లలకి చెయ్యి మొత్తం ఒకే ముక్క అనుకోండి, చప్పట్లు, గుప్పిట మూయడం తెరవడం, చేతులు వెనక్కి దాచడం, ఊదడం ఇవి చాలు. చూపుడు వేలు మాత్రం ఏడాది ఆ చుట్టుపక్కల విడిగా వస్తుంది కాబట్టి అదిగో అని చూపించేవి పెట్టొచ్చు. (ఏడాదిన్నర దాటినా వేలు పెట్టి ఏదీ చూపించకపోతే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుతో ఒకసారి మాట్లాడండి, ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, ముందే తెలిస్తే మంచిది.) మూడేళ్ళకి రెండు వేళ్ళు చూపించమంటే రెండో చేత్తో మిగతావి పట్టుకుని అయినా చూపిస్తారు. బొటనవేలిని ఒక్కో వేలికీ వరసగా తాకించడం నాలుగు ఐదేళ్ళ పని. ఇక ఉంగరపు వేలు ఒక్కటే లేపమని ఏ వయసు పిల్లాడినీ అడక్కండి, లోపల అది పక్క వేళ్ళతో ముడిపడి ఉంటుంది, మీ అరచేయి బల్ల మీద పెట్టి నడిమివేలు మడిచి ఉంగరపు వేలు లేపి చూడండి, మనకే లేవదు.

మూడో పని: ఎలా కూర్చోవాలి, ఎలా పాడాలి

కింద చాప మీద, పిల్లలకి ఎదురుగా. ఎదురుగా కూర్చుంటే వాళ్ళు అద్దంలో చూసినట్టు చేస్తారు కాబట్టి వాళ్ళ కుడిచెయ్యి లేవాలంటే మీరు ఎడమచెయ్యి లేపాలి, ఇది అలవాటు అవడానికి నాకు చాలా రోజులే పట్టింది. ఇంట్లో ఒక్క పిల్లాడే అయితే ఒళ్ళో కూర్చోపెట్టుకుని వాడి చేతుల పక్కన మీ చేతులు పెట్టి చేయండి, అప్పుడు అటూ ఇటూ గొడవే ఉండదు. వేళ్ళు పట్టి లాగి వంచకండి, మీ చెయ్యి కింద పెట్టండి, కావాలంటే వాళ్ళే మీ చేతి మీద చెయ్యి వేస్తారు.

ట్యూన్ గురించి ఎక్కువ ఆలోచించొద్దు. పొద్దున్నే వీధిలో ఆకుకూరలమ్మే ఆవిడ కేక వినండి, ఒక పై స్వరం ఒక కింద స్వరం, రెండే, ఆ రెండిటితో ఈ పాటలన్నీ వచ్చేస్తాయి. పెద్దవాళ్ళ బొంగురు గొంతు స్థాయిలో మొదలెడితే పిల్లలకి అందదు, కొంచెం పైన పట్టుకోండి.

ముఖ్యమైంది స్పీడు. నెమ్మదిగా అంటే మీకు విసుగొచ్చేంత నెమ్మదిగా. పిల్లాడు మీ వేలు చూడాలి, తన వేలు వెతుక్కోవాలి, దాన్ని కదపాలి, అప్పటికి మీరు రెండో లైన్లో ఉంటే వాడు చేతులు దించేసి మిమ్మల్ని చూస్తూ కూర్చుంటాడు. ఫోన్లో వీడియో పాటలతో నాకున్న ఇబ్బంది ఇదే, అవి పిల్లాడి వేలు కోసం ఆగవు. మీరు ఆగుతారు.

నేర్పే వరస ఇలా పెట్టుకోండి. మొదటి రోజు మాటల్లేకుండా వేళ్ళు మాత్రమే, సుయ్ జలజల ఉఫ్ లాంటి చప్పుళ్ళతో. రెండో రోజు మీరు పాడతారు, వాళ్ళు వేళ్ళు. ఇలా మూడు నాలుగు రోజులయ్యాక లైన్ చివరి మాట మీరు మింగేసి ఆగండి, కనుబొమ్మలు ఎగరేసి చూడండి, వాళ్ళే అందిస్తారు. ఆ ఖాళీని మీరు నింపేయకండి ప్లీజ్, మనసులో ఐదు లెక్కపెట్టుకోండి. మాట తొందరగా రాని పిల్లలు కొంతమంది మొదటి మాట ఈ ఖాళీలోనే అనడం నేను చూశాను.

ఇక పాటలు

చిన్నవాళ్ళకి, రెండేళ్ళ వాళ్ళకి, మబ్బు పాటతో మొదలెట్టండి.

నల్ల మబ్బు వెళ్ళింది
తెల్ల మబ్బు వచ్చింది
ఉఫ్ఫని ఊదితే కదిలింది
కొండ వెనక దాగింది

నల్ల మబ్బుకి రెండు గుప్పిళ్ళు బిగించి ఒళ్ళో బరువుగా పెట్టుకోవాలి, తెల్ల మబ్బుకి చేతులు పైకి లేపి వేళ్ళు వదులుగా తెరవాలి, ఉఫ్ అన్నప్పుడు నిజంగా ఊదాలి, చేతులు ఒక పక్కకి జరగాలి, చివర చేతులు వీపు వెనక్కి. బిగించడం వదలడం రెండూ ఇందులోనే ఉన్నాయి కాబట్టి వేళ్ళకి మంచి కసరత్తు. బెజవాడ పిల్లలకి కొండ అంటే ఏ కొండో చెప్పక్కర్లేదు, దసరా రోజుల్లో అయితే ఇంద్రకీలాద్రి దీపాలు మేడ మీద నుంచి చూపించి మరీ పాడించొచ్చు.

రెండున్నర మూడేళ్ళకి రెల్లు.

ఏటి గట్టున రెల్లు పువ్వు
ఎంత తెల్లని రెల్లు పువ్వు
అటు గాలొస్తే అటు ఊగు
ఇటు గాలొస్తే ఇటు ఊగు
గాలి ఆగితే... బజ్జో

ముంజేయి కాడ, వేళ్ళు పువ్వు. ఎడమ అరచేతిలో కుడి మోచెయ్యి ఆనించుకుంటే కాడ నిలబడుతుంది. ఊగేటప్పుడు చెయ్యి మొహం ముందు నుంచి రెండో పక్కకి దాటాలి, సగంలో ఆపొద్దు, చెయ్యి అవతలి పక్కకి దాటి పనిచేయడం తర్వాత రాతకి పనికొస్తుంది. బజ్జో దగ్గర వేళ్ళన్నీ ఒక్కసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి వాలిపోవాలి, ఈ చివరి లైన్ని నేను గుసగుసగా పాడతా, ఇరవైమంది పిల్లల గది ఆ ఒక్క మాటకి నిశ్శబ్దం అయిపోతుంది. గొడవగా ఉన్న క్లాసుని సర్దడానికి ఇంతకంటే మంచి పాట నా దగ్గర లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది, బ్యారేజీ గేట్లు. మూడున్నర నుంచి పైకి.

ఒకటో గేటు లేచింది, సుయ్
రెండో గేటు లేచింది, సుయ్
(ఇలా పది దాకా)
పదీ లేచాయ్ పదీ లేచాయ్
కృష్ణమ్మ కిందికి దూకింది
జలజల జలజల జలజల జల
చాల్లే చాల్లే దించండి
టక్ టక్ టక్ టక్

రెండు చేతులూ ఛాతీ ముందు అడ్డంగా పెట్టి వేళ్ళు కిందకి వేలాడేయాలి, అవే మూసిన గేట్లు. ఒక్కో అంకెకి ఒక్కో వేలు లేపాలి. చూపుడు వేలితో మొదలుపెట్టండి, తర్వాత బొటనవేలు, చిటికెన వేలు, ఉంగరపు వేలు నడిమివేలు కలిసి లేచినా అవును రెండూ ఒకేసారి లేచాయి అనండి, లెక్కలో కలుపుకోండి. జలజలకి పది వేళ్ళూ మోకాళ్ళ దాకా జారుకుంటూ రావాలి. మొదట్లో ఐదు గేట్లు చాలు, పది అయ్యేసరికి చిన్నవాళ్ళకి ఓపిక పోతుంది.

ఒకరోజు ఒక పిల్లాడు నిజం బ్యారేజీకి ఎన్ని గేట్లు టీచర్ అన్నాడు. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. నీ దగ్గర పది ఉన్నాయి కదా మిగతావి ఎవరి దగ్గరున్నాయి అన్నా. వాడు పక్కవాడి చేతులు లెక్కపెట్టాడు, ఇరవై, ఆ పక్కమ్మాయివి, ముప్పై, అలా ఏడుగురు వరసలో కూర్చుని చేతులు ఆనించుకుంటే డెబ్బై అయ్యాయి, గోడ దగ్గర నుంచి గుమ్మం దాకా బ్యారేజీ. ఇప్పుడు ప్రతి ఏడాదీ ఇలాగే ఆడిస్తున్నా, ఒక చివర నుంచి సుయ్ మొదలై రెండో చివరకి వెళ్ళేసరికి పిల్లల మొహాలు చూడాలి. ఇంట్లో అయితే అమ్మ నాన్న తాతయ్య నాయనమ్మ అత్త బాబాయ్ అందరినీ కూర్చోబెట్టండి, పండక్కి వచ్చినవాళ్ళు ఎలాగూ ఉంటారు.

ఇక్కడే ఒక జాగ్రత్త. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళు మునిగాయి కదా, ఆ రోజుల్లో డాబా మీద గడిపిన పిల్లాడొకడు తర్వాత మా క్లాసుకొచ్చాడు. జలజల అనగానే వాడి రెండు చేతులూ గుప్పిళ్ళైపోయాయి, మొహం నా ఒళ్ళో పెట్టేశాడు. నేను పాట ఆపేశా. మర్నాడు వాడికి గేట్లు దించే పని ఇచ్చా, అందరూ జలజల అంటుంటే వాడు చాల్లే అంటాడు, అప్పుడు అందరి వేళ్ళూ టక్ టక్ మని దిగిపోవాలి. మొదటి రోజు జ అనకముందే చాల్లే అన్నాడు, అందరం దించేశాం. పది రోజులు పోయాక రెండు జలజలలు ఓర్చుకుని అప్పుడు చాల్లే అన్నాడు. ఆ "చాల్లే చాల్లే దించండి" అన్న లైను వాడి వల్లే పాటలోకి వచ్చింది. మీ పిల్లల్లో ఎవరన్నా నీళ్ళకి భయపడితే ఆపే అధికారం వాళ్ళ చేతికి ఇచ్చి చూడండి, అయినా ఇబ్బంది పడుతుంటే ఆ పాట పక్కన పెట్టేయండి, వేరేవి లేవా ఏంటి.

గుంటూరు వాళ్ళకి పత్తికాయ పాట. నాలుగేళ్ళ పైన.

పత్తికాయ పత్తికాయ మూసుకుంది
ఎండ కాసి ఎండ కాసి ఎండింది
ఒక రెక్క, రెండో రెక్క, మూడో రెక్క, నాలుగో రెక్క
పటుక్కున విచ్చింది పత్తికాయ
పీకు పీకు దూది పీకు, ఒళ్ళో వెయ్యి

గుప్పిట్లో చిన్న దూది ముద్ద పెట్టి మూయించండి. కాయ నిజంగానే నాలుగైదు రెక్కలుగా పగుల్తుంది కాబట్టి నాలుగు వేళ్ళు ఒక్కోటి విప్పడం దానికి సరిగ్గా సరిపోతుంది, బొటనవేలు చివరి వరకు దూదిని పట్టుకుని ఉండాలి. తర్వాత రెండో చేతి బొటనవేలు చూపుడువేలు మాత్రమే వాడి దూది పీకాలి, పెన్సిల్ పట్టుకునే పట్టు ఇదే. ఒళ్ళో వెయ్యడం ఎందుకంటే చేలో పత్తి తీసే ఆడవాళ్ళు నడుముకి గుడ్డ ఒడిలా కట్టుకుని అందులో వేసుకుంటారు, పిల్లలకి కూడా చున్నీ ముక్క కట్టండి, సంబరపడిపోతారు. నిజం కాయ ఇచ్చేటప్పుడు ఎండిన రెక్కల కొసలు గుచ్చుకుంటాయి, వాటిని ముందే కత్తిరించేయండి.

కాయ తెచ్చిన మొదటి ఏడాది ఒక పాప దూది పీకి అందులో గింజ దొరకగానే పాట గీట వదిలేసి గింజ గింజ అని అందరికీ చూపించుకుంటూ తిరిగింది. ఆ రోజు పాట అక్కడితో ఆగిపోయింది, ఆగనిచ్చాను. అలాంటప్పుడు వెనక్కి లాక్కొచ్చి కూర్చోబెట్టకండి.

పక్షులు ఇష్టమైన పిల్లలకి ఉప్పలపాడు తీసుకెళ్ళండి, గుంటూరు పక్కనే, చెరువులో చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) ఎర్రకాళ్ళ కొంగలు కనపడతాయి. గూడబాతుకి రెండు మోచేతులు ఆనించి ముంజేతులు ముక్కులా తెరిచి మూయాలి, "గూడబాతు గూడబాతు నోరు తెరువు, చేప వచ్చి సంచిలోకి దూరు" అంతే, చిన్న పాట. దాని ముక్కు కింద సంచి ఉంటుందని చెప్తే పిల్లలు నమ్మరు, చూస్తే నమ్ముతారు.

దసరాకి పప్పుబెల్లాలు ఉన్నాయి. పాతరోజుల్లో అయ్యవార్లు పిల్లల్ని వెంటేసుకుని అలంకరించిన విల్లంబులతో ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడించేవాళ్ళు, పిల్లలకి పప్పుబెల్లాలు పెట్టేవాళ్ళు. ఆ పాటలు మీ ఇంట్లో పెద్దవాళ్ళకి వచ్చుంటే నా పాటలు పక్కన పెట్టి ముందు వాళ్ళ చేత పాడించి ఫోన్లో రికార్డు చేసుకోండి. మా క్లాసులో ఒక బాబు అమ్మమ్మ వచ్చి "ఇట్టా కాదమ్మా, చెయ్యి ఇట్టా పట్టాలి" అని అరగంట ఆడించి వెళ్ళింది, పిల్లలు వారం రోజులు ఆవిడ ఏదీ అని అడిగారు.

కార్తీకానికి దీపం.

అరటి దొప్ప పడవమ్మా
అందులోన దీపమ్మా
కృష్ణమ్మ మీద కదిలింది
మెల్లగ మెల్లగ వెళ్ళింది
కొండెక్కింది దీపమ్మా

ఎడమ అరచెయ్యి దొప్పలా వంచి కుడి చూపుడువేలు అందులో నిలబెట్టాలి, రెండు చేతులూ కలిసి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి, దీపం వంగకుండా వెళ్ళాలి. వేలు కొస కొంచెం వణికిస్తే జ్వాల. పుట్టినరోజు కేకు అలవాటుతో పిల్లలు చివర్లో ఊదేస్తారు, మన ఇళ్ళల్లో దీపం నోటితో ఊదం కదా, ఆరిపోయింది అని కూడా అనం, కొండెక్కింది అంటాం, అందుకే వేలు నెమ్మదిగా గుప్పిట్లోకి దిగిపోవాలి. ఆ మాట పాటలో ఉంటే పిల్లలకి విడిగా నేర్పే పనే ఉండదు. ఈ పాట ఆడించేటప్పుడు నిజం దీపం పక్కన పెట్టొద్దు, చేతులు ఊపే ఆట, ఒక్క క్షణం చాలు.

రాకపోతే

కొంతమంది పిల్లలు క్లాసులో వేలు కదపరు, చూస్తూ కూర్చుంటారు, ఇంటికెళ్ళి దిండుకి నేర్పిస్తారు. వాళ్ళ అమ్మలు చెప్తేనే నాకు తెలుస్తుంది. కాబట్టి చెయ్యి చెయ్యి అని వెంటపడకండి. చుట్టాల ముందు చేసి చూపించు అనడం అసలు వద్దు, ఇష్టంగా ఆడుకునేది పరీక్ష అయిపోతుంది. ఒకే పాట మూడు వారాలు అడిగితే మూడు వారాలూ పాడండి, విసుగు మనకే, వాళ్ళకి ప్రతిసారీ వేలు కొంచెం బాగా వస్తోంది. ఒక్కసారికి ఐదు నిమిషాలు, స్నానం తర్వాతో అన్నానికి ముందో, రోజూ ఒకే టైముకి.

మీరే పాట కట్టుకోవడం

వస్తువు ఏం చేస్తుందో చూడండి, అది ఎలా ఉందో కాదు. ఎర్రగా ఉంది, గుండ్రంగా ఉంది అంటే వేళ్ళకి పనుండదు. ఊగింది, విచ్చింది, జారింది అంటే ఉంటుంది. మూడు పనులు దొరికితే పాట అయిపోయినట్టే, చివర్లో ఒక చప్పుడు పెట్టండి. సీతాఫలం తీసుకోండి. కళ్ళు తెరిచిన కాయ తెచ్చి బియ్యం డబ్బాలో పెడతాం, పండుతుంది, గింజ ఊస్తాం.

సీతాఫలం కళ్ళు తెరిచింది
బియ్యం డబ్బాలో పడుకుంది
ఒక్క రోజు, రెండు రోజులు
మెత్తబడింది, నోరూరింది
గింజ వచ్చింది... తుఫ్!

రెండు గుప్పిళ్ళు కలిపి పట్టుకుంటే కణుపులే కాయ కళ్ళు, వాటిని కొంచెం కొంచెం వదులు చేస్తే తెరుచుకుంటాయి, తర్వాత చేతులు ఒళ్ళో దాచి రోజులు వేళ్ళతో లెక్కపెట్టాలి, మెత్తబడింది అన్నప్పుడు రెండు అరచేతులూ నెమ్మదిగా నొక్కాలి. తుఫ్ కోసం పిల్లలు మొదటి లైన్ నుంచే ఎదురుచూస్తుంటారు, కాబట్టి నోరూరింది తర్వాత ఇంకాస్త ఆగండి. పాట అయ్యాక నిజం పండు పెడితే చిన్నవాళ్ళకి గింజలన్నీ మీరే తీసి గుజ్జు మాత్రం పెట్టండి, గొంతుకి అడ్డం పడొచ్చు, పైగా కొరికితే ఆ గింజ మంచిది కాదు.